గొలుసుకి ఆ చివర హీరో... ఈ చివర అమ్మ!

శంషాబాద్ దాటాక ఓ పాత బంగళాలో షూటింగు. ఉదయం ఏడింటికి కాల్షీట్. తొమ్మిదిన్నరకి హీరోగారి కారవాన్ తలుపు తెరుచుకుంది. ఒకతను గొడుగు పట్టాడు, ఇంకొకతను కుర్చీ లాగాడు. నా పక్కనున్న ఫోటోగ్రాఫరు "గురూ, ఇంటర్వ్యూకి ఇదే అదను, పద పద" అంటూ మోచేత్తో పొడిచాడు. నేను కదిలితేనా! నా చూపంతా వేపచెట్టు కింద కూర్చున్న మరో ఆర్టిస్టు మీదుంది. నిజం చెప్పాలంటే ఆర్టిస్టు మీద కూడా కాదు, ఆ ఆర్టిస్టు మెడ నుంచి వేలాడుతున్న తోలు పట్టీ మీద!

ఆ ఆర్టిస్టు ఒక జర్మన్ షెపర్డ్. ఆ రోజు సీన్‌లో గోడ దూకి విలన్ చెయ్యి పట్టుకోవాలి. ఎంచక్కా నాలుక బయటపెట్టి, టచప్ అక్కర్లేని మొహంతో కూర్చుంది. పక్కన యాభయ్యేళ్ళు దాటిన ఒకాయన. సెట్లో అందరూ "డాగ్ మాస్టర్" అంటున్నారు. ఫైట్ మాస్టరూ డాన్స్ మాస్టరూ ఉన్నట్టే ఈయనా ఒక మాస్టరు. ఆయన చేతిలో పట్టీ ఉందన్న మాటే గానీ రెండు వేళ్ళ మీద వేలాడుతోందంతే. పట్టీ మధ్యలో కిందికి వంగి, ఉయ్యాలలా ఊగుతోంది. ఆ ఊగడం చూసేసరికి నాకు కళ్ళు కుట్టాయి.

ఎందుకో చెప్పాలంటే చిన్న ఫ్లాష్‌బ్యాక్‌కి వెళ్ళాలి.

2022లో '777 చార్లీ' వచ్చింది, గుర్తుందిగా! రక్షిత్ శెట్టి, ఓ లాబ్రడార్ కుక్క. కన్నడంలో తీసినా తెలుగులోనూ విడుదలై హాల్లో కర్చీఫులన్నీ తడిపేసింది. మా తమ్ముడు సెకండ్ షో చూసొచ్చి, వారం తిరక్కుండా పిల్లని తెచ్చేశాడు. కుక్కపిల్లని లెండి, కంగారు పడకండి! లేత గోధుమరంగు లాబ్రడార్. అమ్మ 'బుజ్జి' అని పేరు పెట్టింది. మరుసటేడు తమ్ముడికి అమెరికాలో ఉద్యోగం వచ్చింది. వాడు వెళ్ళిపోయాడు, బుజ్జిగాడు మిగిలిపోయాడు. ఇప్పుడు బుజ్జిగాడి బరువు 38 కిలోలు. అమ్మ 52.

నేను ఊళ్ళో ఉంటే నేను తిప్పుతాను. ఔట్‌డోర్‌కి వెళితే ఆ పని అమ్మది. ఫ్రీలాన్స్ బతుకు కదా, ఎప్పుడు ఏ ఊళ్ళో ఉంటానో నాకే తెలీదు. అందుకని ఆవిడ సుఖపడాలని నేనో గొప్ప పని చేశాను. పెద్ద షాపుకి వెళ్ళి రీలు లీష్ కొన్నాను. ప్లాస్టిక్ పిడి, లోపల స్ప్రింగు, అయిదు మీటర్ల సన్నటి తాడు, ఆపాలంటే బొటనవేలి కింద ఒక బటను. చూడ్డానికి విదేశీ వస్తువులా భలే ఉంది. షాపులో కుర్రాడు 'పెద్ద కుక్కలకి ఇదే బెస్టు' అన్నాడు. నేనూ నమ్మాను.

నెల తర్వాత, ఓ సాయంత్రం. మా కృష్ణానగర్ సందుల్లో సైలెన్సర్ పీకేసిన బైకులకి కొదవలేదు. బుజ్జిగాడికి బైకంటే చాలు, ఒంట్లో దెయ్యం పూనుతుంది. బైకు దూసుకెళ్ళింది, వీడూ దూకాడు. అమ్మ బటను నొక్కేలోపు మూడు మీటర్లు అయిపోయింది. కంగారులో ఎడం చేత్తో తాడు పట్టుకుంది. అరచెయ్యి కాలినట్టు చీరుకుపోయింది. తాడు ఆఖరుకొచ్చి ఒక్క గుంజు! అమ్మ బోర్లా పడింది. కుడి మణికట్టు దగ్గర ఎముక చిట్లింది.

అంతటితో అయిపోలేదు. చేతిలోంచి జారిన ఆ ప్లాస్టిక్ పిడి టకటకమంటూ రోడ్డు మీద బుజ్జిగాడి వెనకాలే పడింది. తనని ఏదో తరుముతోందని వాడు ఇంకా బెదిరిపోయి యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దాకా పరిగెత్తాడు. అక్కడ మాకు తెలిసిన టీ కొట్టాయన పట్టుకోకపోతే ఏ బస్సు కిందో పడేవాడే.

ఆరు వారాలు కట్టు. నూజివీడు నుంచి అక్క ఫోను: "ఇంక చాలు. ఆ కుక్కని మా మామిడితోటకి పంపించెయ్. అక్కడ చెట్టుకి కట్టేస్తాం, కాపలాకి పనికొస్తుంది." అమ్మ ఏమీ అనలేదు. కట్టున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, బుజ్జిగాడి వైపు చూడకుండా టీవీ చూస్తూ కూర్చుంది. నేను అక్కని అడిగింది ఒక్కటే: కట్టు విప్పేదాకా గడువు.

అదండీ ఫ్లాష్‌బ్యాక్. ఇప్పుడు మళ్ళీ వేపచెట్టు కిందికి వద్దాం.

"మాస్టారూ, ఈ పట్టీ ఎక్కడ కొన్నారు?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మీ ఇంట్లో ఎవరు పడ్డారు బాబూ?" అన్నారు.

నా నోట మాట రాలేదు. "ఊరికే ఎవరూ ఈ సంగతి అడగరు. కుక్క ఎంతకి కొన్నారు, ఏం తింటుంది, కరుస్తుందా అంటారు. పట్టీ సంగతి అడిగారంటే ఎవరో పడ్డట్టే," అని కుర్చీ చూపించారు. కథంతా చెప్పాను. రీలు లీష్ అనగానే ఆయన మొహం చేదుమాత్ర మింగినట్టయింది.

రీలు సంగతి

ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. రీలు లోపలి స్ప్రింగు తాడుని ఎప్పుడూ కొద్దిగా బిగించే ఉంచుతుంది. కుక్క ముందుకి లాగితే తాడు ఇంకాస్త వస్తుంది. అంటే లాగినకొద్దీ దారి దొరుకుతుందన్న పాఠం మనమే రోజూ దానికి చెబుతున్నట్టు! పైగా అయిదు మీటర్ల దూరం ఉంటే పెద్ద కుక్క వేగం పుంజుకుంటుంది. ఆ వేగమంతా ఆఖర్న ఒక్క గుంజుగా మన చేతికి తగులుతుంది. అదే ఆరడుగుల పట్టీ అయితే పరుగు అందుకునేలోపే ఆగిపోతుంది. గుంజు ఉంటుంది గానీ మనిషిని పడేసేంత ఉండదు. సన్నతాడు వేళ్ళకి చుట్టుకుంటే కోసేస్తుంది. బుల్లి కుక్కకీ, ఖాళీ మైదానానికీ రీలు సరిపోతుందేమో గానీ, 38 కిలోల కుక్కకి కృష్ణానగర్ సందులో? నాకైతే ఇప్పుడు తలుచుకుంటేనే సిగ్గేస్తోంది.

"మరి గొలుసు?" అన్నాను. మన ఊళ్ళల్లో కుక్కంటే ఇనప గొలుసే కదా!

గొలుసుకి ఒకే ఒక్క మంచి గుణం ఉందట. కుక్క కొరికినా తెగదు. మిగతావన్నీ అవగుణాలే. చేతికి పట్టు దొరకదు, లాగితే చర్మం నలుగుతుంది. దాని బరువు ఎప్పుడూ కుక్క మెడ మీద వేలాడుతూనే ఉంటుంది కాబట్టి మనం మెల్లగా సైగ చేస్తే దానికి తెలీదు. కొరుకుతుంటే పళ్ళూ అరుగుతాయి. కొరికే అలవాటున్న కుక్కకయితే కొక్కెం దగ్గర అడుగు మేర మాత్రమే గొలుసుండి, మిగతాదంతా పట్టీ ఉండే రకం మేలన్నారు.

నైలాన్ పట్టీ చవక, గట్టిది, వానకి పాడవదు. కానీ గుంజితే అంచు అరచేతిని కోస్తుంది. ఎండాకాలం చెమట చేతుల్లో జారుతుంది. నూలు పట్టీ చేతికి మెత్తన, తడిస్తే బరువు. ఈ మధ్య ప్లాస్టిక్ పూత పూసిన పట్టీలు వస్తున్నాయి. బురదైనా తుడిస్తే పోతుంది, తోలులా పట్టు కూడా ఉంటుంది. మాస్టారి ఓటు మాత్రం తోలుకే. మొదట్లో బిరుసుగా ఉన్నా, వాడినకొద్దీ చేతికి తగ్గట్టు మెత్తబడుతుంది. గుంజినా చెయ్యి కొయ్యదు. వానలో తడిస్తే నీడనే ఆరబెట్టి కాస్త నూనె రాయాలి. అంత ఓపిక లేనివాళ్ళు తోలు జోలికి పోవద్దన్నారు. వెడల్పు ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా. మరీ వెడల్పయితే చిన్న చేతికి పట్టు చాలదు. "కొనేటప్పుడు కుక్క కొలత ఒక్కటే కాదు, పట్టుకునేవాళ్ళ చెయ్యి కూడా చూడాలి. మీ అమ్మగారిది ఏపాటి చెయ్యి?" అన్నారు.

ఆ ప్రశ్న నేను షాపులో వేసుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఇంతలో "షాట్ రెడీ" అని కేక. మాస్టారు లేచి తోలు పట్టీ విప్పేసి, షెపర్డ్ ఛాతీ పట్టీకి పొడవాటి సన్నటి తాడు తగిలించారు. గోడకి అవతల అసిస్టెంటు ఒకతను రబ్బరు బంతి పట్టుకుని నిలబడ్డాడు. విలన్ కోటు చేతికి లోపల మందపాటి కట్టు. "యాక్షన్" అనగానే కుక్క ఒక్క దూకు! టేక్ ఓకే. మరి ఆ తాడు కెమేరాలో పడదా? పడుతుంది. ఫైట్లో హీరో నడుముకి కట్టిన రోపుని గ్రాఫిక్స్‌లో చెరిపేసినట్టే దీన్నీ చెరిపేస్తారు.

అందుకే నాకో అనుమానం. మనం తెర మీద చూసే కుక్కలకి లీష్ ఉండదు. 1985లో వచ్చిన 'తేరీ మెహర్బానియా'లో జాకీ ష్రాఫ్ కుక్క ఒంటరిగా పగ తీర్చుకుంటుంది. 1994 నాటి 'హమ్ ఆప్‌కే హై కౌన్'లో, అదే మన 'ప్రేమాలయం'లో, టఫీ క్రికెట్ అంపైరుగా తీర్పు చెబుతుంది, ఆఖరికి ఉత్తరం మోసి పెళ్ళే మార్చేస్తుంది. అవి చూసి మనం కూడా 'కుక్కంటే చెప్పింది వింటుంది, దానికి తాడెందుకు' అనుకుంటాం. చెరిపేసిన తాడు మనకి కనబడదుగా! ఇప్పుడు జంతువుతో షూటింగ్ అంటే జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి. సినిమా మొదట్లో 'ఏ జంతువుకీ హాని జరగలేదు' అని వేస్తారే, దాని వెనక ఇంత తతంగం ఉంది. మన సందులో మనకి అనుమతులూ లేవు, రీటేకులూ లేవు.

అన్నట్టు, బైకుల పిచ్చి బుజ్జిగాడికి ఒక్కడికే కాదు సుమండీ! హాలీవుడ్ లాసీ పేరు వినే ఉంటారు. 1943లో 'లాసీ కమ్ హోమ్'లో ఆ వేషం వేసింది పాల్ అనే కోలీ జాతి కుక్క. కథలో లాసీ ఆడది, పాల్ మాత్రం మగాడు. చిన్నప్పటి ఎలిజబెత్ టేలర్ కూడా అందులో ఉంది. ఆ పాల్‌ని మొదట రడ్ వెదర్‌వాక్స్ అనే ట్రైనర్ దగ్గరకి తెచ్చింది ఎందుకంటారా? ఊరికే మొరుగుతోందనీ, మోటార్ సైకిళ్ళ వెంట పడుతోందనీ! మొరగడం అదుపులోకి వచ్చింది గానీ బైకుల సంగతి కుదరలేదు. దాంతో విసుగెత్తిన యజమాని, ఫీజు బాకీ కింద కుక్కనే వదిలేసి పోయాడు. అలా వదిలేసిన కుక్కే తర్వాత ప్రపంచమంతా తెలిసిన స్టార్ అయింది. ఈ కథ అమ్మకి చెబితే మొదటిసారి నవ్వింది. "అయితే మనవాడికీ వేషం ఇప్పించు," అంది.

షాపులో రెండోసారి

ఈసారి షాపులో కుర్రాణ్ణి మాట్లాడనివ్వలేదు. ఆరడుగుల తోలు పట్టీ, ముప్పావు అంగుళం వెడల్పు. కొక్కెం ఇత్తడిది, తుప్పు పట్టదు. కొక్కెం మొదట్లో గుండ్రంగా తిరిగే ఏర్పాటుందా లేదా చూశాను, లేకపోతే కుక్క తిరిగినకొద్దీ పట్టీ మెలిపడుతుంది. పిడి దగ్గర కుట్టు గుంజి చూశాను. ఇంకో సంగతి, పైన ఉన్న పిడి కాక, కొక్కేనికి జానెడు పైన రెండో పిడి ఉన్న రకం అడిగి మరీ తీసుకున్నాను. సందులో ఆటో ఎదురొస్తే ఆ చిన్న పిడి పట్టుకుంటే కుక్క మన తొడకి ఆనుకునే ఉంటుంది. మా పేటలో దానికున్న విలువ ఇంతా అంతా కాదు.

పట్టీ ఒక్కటే సరిపోదు, దాన్ని దేనికి తగిలిస్తామన్నది అసలు పేచీ. మెడ బెల్టుకి తగిలిస్తే, లాగే కుక్కకి గొంతు నొక్కుకుంటుంది, దగ్గు వస్తుంది. బెల్టుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. రాజపాళయం, ముధోల్ లాంటి సన్నతల కుక్కలకి మామూలు బెల్టు తలమీదుగా జారిపోతుంది. వాటికి లాగినప్పుడు కొద్దిగా మాత్రమే బిగుసుకుని ఆగిపోయే బెల్టు వేరే ఉంది. వీపు మీద రింగుండే ఛాతీ పట్టీ వేస్తే గొంతుకి హాయే, కానీ కుక్క కాడి కట్టిన ఎద్దులా ఒళ్ళంతా పెట్టి లాగుతుంది. మంచుదేశాల్లో బండి లాగే కుక్కలకి కట్టేది అలాంటి పట్టీయేగా! రొమ్ము ముందు రింగున్న రకం వేరు. కుక్క ముందుకి లాగితే ఒళ్ళు పక్కకి మన వైపే తిరుగుతుంది. లాగి లాభం లేదని దానికే తెలుస్తుంది. ముందూ వెనకా రెండు రింగులున్నది కొన్నాను. భుజాలు ఫ్రీగా కదులుతున్నాయో లేదో నడిపించి చూశాకే బిల్లు కట్టాను.

లాగితే మెడకి బిగుసుకునే గొలుసు, లోపలికి మేకుల్లా ఉండే బెల్టు కూడా అక్కడ వేలాడుతున్నాయి. మాస్టారు మద్రాసులో పని నేర్చుకున్న రోజుల్లో బిగుసుకునే గొలుసే వాడేవారట. "నేనూ వాడాను బాబూ. అప్పట్లో అదే తెలుసు. ఒక కుక్క గొంతు చెడి చచ్చేదాకా దగ్గుతూనే ఉంది," అని చెప్పి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నేను వాటి వైపు చెయ్యి పెట్టలేదు.

కృష్ణానగర్‌లో రిహార్సల్స్

కొత్త పట్టీ వేసినంత మాత్రాన బుజ్జిగాడు బుద్ధుడైపోతాడనుకుంటే పొరపాటు. మొదటిరోజు నన్నూ లాగాడు. కాకపోతే నేను పడలేదు.

పద్ధతి ఇది. పిడిలో బొటనవేలు దూర్చి, మడతలు అరచేతిలో పట్టుకుని, రెండో చెయ్యి కాస్త కిందగా. మణికట్టుకి మాత్రం చస్తే చుట్టకూడదు, వేళ్ళు విరుగుతాయి. పట్టీ వదులుగా ఉన్నంతసేపూ నడక. బిగుసుకుందా, నడక బంద్. తిట్టొద్దు, గుంజొద్దు, చెట్టులా నిలబడిపోవడమే. వాడు విసిగి వెనక్కి చూసి ఒక్కడుగు ఇటు వేస్తే పట్టీ వదులవుతుంది. ఆ క్షణంలోనే "శభాష్" అని చిన్న ముక్క నోట్లో పెట్టి మళ్ళీ నడక. ముక్క నా ఎడం తొడ పక్కనే ఇవ్వాలి, ఎందుకంటే ముక్క దొరికే చోటే వాడికి ఇష్టమైన చోటవుతుంది. రెండు సెకన్లు ఆలస్యమైతే వాడు ఈలోగా చేసిన ఇంకో పనికి బహుమతి అనుకుంటాడు.

మా ఇంటి నుంచి టీ కొట్టు దాకా రెండు వందల అడుగులుండదు. మొదటిరోజు నలభై నిమిషాలు పట్టింది! ఆటో స్టాండులో వాళ్ళు "ఏందన్నా, స్లో మోషన్ తీస్తున్నరా?" అని ఒకటే నవ్వు. వారానికి పాతిక నిమిషాలకి దిగింది. పన్నెండో రోజున నేను ఊరెళ్ళాల్సొచ్చి రెండ్రోజులు పక్కింటి కుర్రాడికి అప్పగిస్తే, వాడు హాయిగా లాగించుకుంటూ తిప్పాడు. తిరిగొచ్చేసరికి మళ్ళీ మొదటికే వచ్చింది కథ! ఒక్కరు వదులు చూపించినా కుక్కకి అదే గుర్తుంటుంది.

బైకుల కోసం వేరే రిహార్సల్. తెలిసిన కుర్రాణ్ణి బతిమాలి, దూరంగా బైకు స్టార్టు చేయించి, బుజ్జిగాడు చెవులు నిక్కించగానే, దూకక ముందే ముక్క. రోజూ కాస్త దగ్గరికి. వీధికుక్కలు ఎదురైతే మనకి తెలీకుండానే పట్టీ బిగిస్తాం. ఆ బిగువు చూసి వీడికీ కోపం వస్తుంది. అందుకని పట్టీ వదులుగానే ఉంచి, ఓ వంపు తిరిగి పక్కనుంచి పోవాలి. పిలిస్తే రావడం నేర్పడానికి ముప్పై అడుగుల తాడు. ఇది గోడలున్న ఖాళీ స్థలంలోనే, ఛాతీ పట్టీ వెనక రింగుకే తగిలించాలి. మెడకి కడితే పరుగు ఆఖర్న మెడ పట్టేస్తుంది.

ఏప్రిల్ ఎండలు. చేతి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలకీ పనికిరాదు. మా నడక తెల్లవారుజామునే.

ఇది చదివే కాలేజీ మిత్రుల్లో కొందరు స్కూటరుకి కుక్కని కట్టి పరిగెత్తించడం నేను కళ్ళారా చూశాను. దయచేసి ఆ పని మానండి. కుక్క పక్కకి లాగితే మీరూ పడతారు, చక్రంలో తాడు పడితే దాని ప్రాణం పోతుంది. మన అశ్రద్ధ వల్ల కుక్క ఎవరికైనా ప్రమాదం తెస్తే, భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల జైలు దాకా ఉంది. సినిమా చూసి కుక్కని కొనాలనుకునే వాళ్ళు ముందు ఇంట్లో అందరి చేతులూ ఒకసారి చూసుకోండి, ఎవరు పట్టుకోగలరో!

హీరోగారి ఇంటర్వ్యూ సంగతా? లంచ్ బ్రేకులో అయిదు నిమిషాలిచ్చారు లెండి. అది వేరే పేజీలో వేసుకుంటాను.

అమ్మ కట్టు విప్పారు. బరువెత్తకూడదన్నారు. నాలుగోరోజు సాయంత్రం చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "ఇలా ఇవ్వు," అంది ఎడం చెయ్యి చాపి. నాకు గుండె దడ. తోలు పట్టీ ముందు రింగుకి తగిలించి ఆవిడకిచ్చాను. వెనక రింగుకి ఇంకో పట్టీ వేసి, ఆ చివర నేను పట్టుకున్నాను. ముగ్గురం ఊరేగింపులా బయల్దేరాం.

సందు మలుపులో వచ్చింది, అదే రకం బైకు, అదే మోత. బుజ్జిగాడి చెవులు లేచాయి. నా చేతిలో పట్టీ బిగుసుకుంది, ఒక్క క్షణం. అమ్మ ఆగిపోయింది, చెట్టులా. వాడు బైకు వైపు చూశాడు. తర్వాత తల తిప్పి అమ్మ వైపు చూశాడు. ఆవిడ కొంగుముడి విప్పుతోంది. అందులో ఇడ్లీ ముక్కలున్నాయని వాడికి ముందే తెలుసులా ఉంది, నాకే తెలీదు! బైకు వెళ్ళిపోయింది. ఇద్దరూ టీ కొట్టు దాకా నడిచారు. నేను వెనకాల సైడ్ క్యారెక్టర్‌లా.

ఇంటికొచ్చేసరికి అక్క ఫోను. "గడువయిపోయిందిగా! కుక్కని తోటకెప్పుడు పంపుతున్నారు?"

అమ్మ ఫోను ఎడం చేతిలోకి మార్చుకుంది. "వాడికి ఖాళీ లేదే. రేపట్నుంచి నాతో గుడిదాకా రావాలి."